కళ్లె పరీక్షలో మళ్లీ అదే బ్యాక్టీరియా. ఊపిరితిత్తుల్లో ఇవి ఎప్పుడూ ఉంటాయా?

వెన్నెలదారి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి చాలా ఏళ్లుగా సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై దగ్గు, ఆయాసం వదలని దీర్ఘకాలిక జబ్బు) ఉంది. సిగరెట్లు మానేశారు గానీ దగ్గు, కళ్లె మాత్రం పోలేదు. ఆ మధ్య ఆయాసం బాగా ఎక్కువై, కళ్లె ఆకుపచ్చగా పడితే కల్చర్ చేయించాం. రిపోర్టులో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అని వచ్చింది. యాంటీబయాటిక్ వాడాక తేరుకున్నారు. ఇప్పుడు ఆయాసం ఎప్పుడూ ఉండేంతే, కళ్లె తెల్లగానే ఉంది. రివ్యూకి వెళ్లినప్పుడు మళ్లీ పరీక్ష చేస్తే మళ్లీ అదే బ్యాక్టీరియా. డాక్టరుగారు రిపోర్టు చూసి, “మనిషి బాగున్నారు కదా, ఇప్పుడు మందేమీ వద్దు” అన్నారు.

నాకు అక్కడే అర్థం కావడం లేదు. బ్యాక్టీరియా ఉందని కళ్లముందు కనబడుతుంటే వదిలేయడం ఏమిటి? ఇంకా గట్టి మందు ఇచ్చి పూర్తిగా తుడిచిపెట్టేయొచ్చు కదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

చదువరి:
మేం చదువుకున్నప్పుడు ఊపిరితిత్తుల లోపల సూక్ష్మజీవులే ఉండవని చెప్పారు. గొంతు దాకా ఉంటాయి, స్వరపేటిక దిగితే అంతా శుభ్రం అని. అలాంటప్పుడు ఒక్క బ్యాక్టీరియా కనబడినా అది ఇన్‌ఫెక్షనే కావాలి కదా?

సూక్ష్మలోకం:
చదువరి గారూ, ఆ మాట పాఠ్యపుస్తకాల్లో చాలా దశాబ్దాలు ఉంది. 2007లో అమెరికాలో మనిషి ఒంట్లో ఉండే సూక్ష్మజీవులను గుర్తించే హ్యూమన్ మైక్రోబయోమ్ ప్రాజెక్ట్ మొదలైనప్పుడు నోరు, ముక్కు, చర్మం, పేగులు, జననాంగాల నుంచి నమూనాలు తీశారు గానీ, మొదటి జాబితాలో ఊపిరితిత్తులకు చోటే ఇవ్వలేదు. అక్కడేమీ లేదన్న నమ్మకం అంత బలంగా ఉండేది.

ఆ నమ్మకానికి కారణం మన పరీక్షే. కల్చర్ అంటే ప్లేటు మీద పోషకాలు వేసి బ్యాక్టీరియాను పెంచడం. నోట్లో, శ్వాసనాళాల్లో ఉండేవాటిలో చాలా వాటికి ఆక్సిజన్ గిట్టదు. ప్రెవోటెల్లా, వెయిలోనెల్లా అలాంటివే. మామూలు ప్లేటు మీద అవి మొలకెత్తవు, దాంతో “ఏమీ పెరగలేదు” అని రిపోర్టు వస్తుంది. పెరగకపోవడాన్ని మనం లేకపోవడంగా లెక్కేసుకున్నాం.

తర్వాత పెంచే పని లేకుండా నేరుగా డీఎన్ఏ చదివే పద్ధతి వచ్చింది. ప్రతి బ్యాక్టీరియాలోనూ 16ఎస్ అనే జన్యువు ఉంటుంది. అందులో కొన్ని భాగాలు అన్నింటిలోనూ ఒకేలా ఉంటాయి, కొన్ని భాగాలు జాతిని బట్టి మారతాయి. ఆ మారే భాగాన్ని చదివితే ఎవరెవరు ఉన్నారో పోల్చుకోవచ్చు. 2010లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకుల బృందం ఈ పద్ధతితో ఆరోగ్యవంతుల, ఉబ్బసం ఉన్నవాళ్ల, సీఓపీడీ ఉన్నవాళ్ల శ్వాసనాళాలను పరిశీలించింది. శ్వాసనాళం లోపలి గోడ మీద ఒక్కో చదరపు సెంటీమీటరుకు సగటున సుమారు 2,000 బ్యాక్టీరియా జీనోములు దొరికాయి. ఆరోగ్యవంతుల్లో ప్రెవోటెల్లా లాంటివి ఎక్కువ. జబ్బు ఉన్నవాళ్లలో హీమోఫిలస్ లాంటివి ఎక్కువ.

కాబట్టి వెన్నెలదారి గారూ, ఉన్నాయా లేవా అన్న దగ్గర ఆగిపోకూడదు. ఏవి ఉన్నాయి, ఎంత ఉన్నాయి, శరీరం వాటిని ఎంత త్వరగా బయటికి పంపేస్తోంది అన్నవే అసలు ప్రశ్నలు.

ఛాతీవిభాగం_పీజీ:
సూక్ష్మలోకం గారు చివర్లో అన్న మాటను ఇంకొంచెం సాగదీస్తాను. రోజూ వార్డులో కళ్లారా చూసేది అదే.

పేగుల్లో బ్యాక్టీరియా స్థిరనివాసులు. తిండి పుష్కలం, పుట్టి పెరిగేది అక్కడే. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తిలో అలా కాదు. అక్కడ తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. గాలిగదుల గోడలకు పూసినట్టుండే సర్ఫాక్టెంట్ అనే పలుచటి పొరకు బ్యాక్టీరియాను అణచే గుణం ఉంది. పైగా మాక్రోఫేజ్ కణాలు ఎప్పుడూ కాపలా కాస్తూ, కనబడిన దాన్నల్లా మింగేస్తుంటాయి. అందుకని అక్కడ కనిపించే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం బాటసారులే: వస్తుంటాయి, పోతుంటాయి.

వచ్చే దారి నోరు. నిద్రలో లాలాజలం చుక్కలు చుక్కలుగా శ్వాసనాళంలోకి జారుతుంది. ఆరోగ్యవంతులు నిద్రపోతుండగా ముక్కు వెనక భాగంలో రేడియోధార్మిక ద్రవం చుక్కలు వేసి, తెల్లవారాక ఛాతీని స్కాన్ చేసిన చిన్న అధ్యయనాలు ఉన్నాయి. సుమారు సగం మందిలో ఆ ద్రవం ఊపిరితిత్తుల్లో కనిపించింది. ఇది జబ్బు కాదు, మనుషులందరికీ జరిగేదే.

పోయే దారి దగ్గు, ఇంకా సీలియా. శ్వాసనాళాల లోపలి గోడ నిండా సన్నటి కదిలే వెంట్రుకల్లాంటివి ఉంటాయి, వాటినే సీలియా అంటారు. వాటి మీద పలుచగా మ్యూకస్ పొర ఉంటుంది. సీలియా అన్నీ ఒకే లయలో కొట్టుకుంటూ ఆ పొరను, అందులో చిక్కుకున్న దుమ్మునూ సూక్ష్మజీవులనూ గొంతు వైపు నెడతాయి. అది మనకు తెలియకుండానే మింగేస్తాం.

అంటే ఎన్ని వస్తున్నాయి, ఎన్ని పోతున్నాయి, అక్కడే ఎన్ని పుడుతున్నాయి అన్న మూడు లెక్కలు. సముద్రంలో దీవుల మీద ఎన్ని జాతులు నిలబడతాయో లెక్కకట్టే జీవావరణ సిద్ధాంతం ఒకటుంది, ఊపిరితిత్తులకు దాన్నే అన్వయిస్తారు. ఆరోగ్యంలో మొదటి రెండు లెక్కలే నడుస్తాయి. దీర్ఘకాలిక జబ్బులో పోయే దారి మూసుకుపోయి, మూడోది మొదలవుతుంది.

వెన్నెలదారి:
చాలా బాగా చెప్పారండీ. మరి నాన్న విషయంలో ఆ “పోయే దారి” ఎందుకు మూసుకుపోయింది? సిగరెట్ మానేసి ఇన్నాళ్లయింది కదా.

ఛాతీవిభాగం_పీజీ:
పొగ చేసిన నష్టం మానేసిన రోజుతో పోదండీ. పొగ సీలియాను పొట్టివి చేస్తుంది, కొన్నిచోట్ల ఆ కణాలే పోయి మామూలు బల్లపరుపు కణాలు వస్తాయి. మ్యూకస్ తయారుచేసే గ్రంథులు ఉబ్బుతాయి. ఒకవైపు కళ్లె ఎక్కువ, మరోవైపు దాన్ని నెట్టేవాళ్లు తక్కువ. తూము పూడుకుపోయిన కాలువలో నీళ్లు నిలిచినట్టు అక్కడ కళ్లె నిలిచిపోతుంది. నిలిచిన చోట బ్యాక్టీరియాకు నిలకడ దొరుకుతుంది.

ఆ తర్వాత జరిగేది ఇంకా ముఖ్యం. బ్యాక్టీరియాను చంపడానికి న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు గుంపులుగా వస్తాయి. వాటి దగ్గర ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. బ్యాక్టీరియా మీద వాడాల్సిన ఆ ఆయుధం పొంగిపొర్లి శ్వాసనాళం గోడనే కొరికేస్తుంది, సీలియాను దెబ్బతీస్తుంది, ఇంకా మ్యూకస్ తయారు చేయమని గ్రంథులను రెచ్చగొడుతుంది. దాంతో కళ్లె ఇంకా నిలుస్తుంది, బ్యాక్టీరియా ఇంకా పెరుగుతుంది, న్యూట్రోఫిల్స్ ఇంకా వస్తాయి. దీన్ని బ్రిటిష్ వైద్యుడు పీటర్ కోల్ 1986లో విషవలయం అని వర్ణించాడు. ఆయన చెప్పింది శ్వాసనాళాలు సాగిపోయి అలాగే ఉండిపోయే బ్రాంకియెక్టాసిస్ అనే జబ్బు గురించి, కానీ సీఓపీడీలోనూ చాలామందిలో ఇదే నడుస్తుంది.

ఈ వలయంలో బ్యాక్టీరియా ఒక మజిలీ మాత్రమే. దాన్నొక్కదాన్నే కొట్టి మిగతావి అలాగే వదిలేస్తే, కొన్ని వారాల్లో మళ్లీ అదో, దాని చుట్టమో వచ్చి కూర్చుంటుంది.

సూక్ష్మలోకం:
హీమోఫిలస్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దీనికి చరిత్రా ఉంది, మొండితనమూ ఉంది. 1892లో రిచర్డ్ ఫైఫర్ ఫ్లూ రోగుల కళ్లెలో దీన్ని చూసి ఫ్లూకి కారణం ఇదేనని ప్రకటించాడు. ఆ పేరు అలా అతుక్కుపోయింది. ఫ్లూ తెప్పించేది వైరస్ అని 1933లో గానీ తేలలేదు. స్వతంత్రంగా బతికే జీవుల్లో మొట్టమొదట జీనోమ్ మొత్తం చదివింది కూడా దీనిదే, 1995లో.

దీని మొండితనం చూడండి. ఇది శ్వాసనాళం గోడకు అతుక్కుని చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. దాన్నే బయోఫిల్మ్ అంటాం. ఆ పొరలోకి మందు సరిగ్గా ఇంకదు. ఇంకినా, లోపల నిద్రాణంగా ఉన్నవాటి మీద పనిచేయదు, ఎందుకంటే చాలా యాంటీబయాటిక్‌లు చురుగ్గా విభజన చెందుతున్న బ్యాక్టీరియానే చంపుతాయి. కొన్ని ఏకంగా మన కణాల లోపలే దాక్కుంటాయి. సీఓపీడీ రోగులను నెలల తరబడి వెంబడించి పరీక్షించినప్పుడు, మధ్యలో కల్చర్ నెగెటివ్ వచ్చిన నెలల్లో కూడా అదే స్ట్రెయిన్ (ఒకే జాతిలోని ఉపరకం) లోపల ఉండిపోయిందని జన్యు పరీక్షల్లో బయటపడింది. కాబట్టి “పూర్తిగా తుడిచిపెట్టే” మందు అనేది ఈ పరిస్థితిలో అంత తేలిగ్గా దొరికేది కాదు.

మరి ఎప్పుడు ప్రమాదం? 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో సీఓపీడీ రోగులను ప్రతి నెలా పిలిచి కళ్లె పరీక్షించారు, దొరికిన బ్యాక్టీరియా జాతి పేరుతో ఊరుకోకుండా ఏ స్ట్రెయినో కూడా గుర్తించారు. కొత్త స్ట్రెయిన్ దొరికిన సందర్శనల్లో జబ్బు ఉధృతం కావడం, దొరకని వాటితో పోలిస్తే రెట్టింపుకు పైగా కనిపించింది. పాత స్ట్రెయిన్‌కు శరీరం కొంత అలవాటు పడుతుంది, కొత్తది వచ్చినప్పుడు రక్షణ వ్యవస్థ ఒక్కసారిగా లేస్తుంది. మీ నాన్నగారి రిపోర్టులో రెండుసార్లూ అదే పేరు ఉన్నా, అది అదే స్ట్రెయినో కాదో మామూలు కల్చర్ చెప్పదు. మనిషి చెబుతారు: ఆయాసం పెరిగిందా, కళ్లె పెరిగిందా, రంగు మారిందా. మీ డాక్టరుగారు చూసింది అదే.

పాతదగ్గు:
నాది బ్రాంకియెక్టాసిస్. చిన్నప్పుడు వచ్చిన గట్టి నిమోనియా తర్వాత ఎడమవైపు కింది భాగంలో శ్వాసనాళాలు సాగిపోయి అలాగే ఉండిపోయాయి. నాలో ఉన్నది సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా. దానితోనే బతుకుతున్నాను.

మొదట్లో నేనూ రిపోర్టులో ఆ పేరు పోవాలనే చూసేదాన్ని. ప్రతి కల్చర్ రిపోర్టు కోసం గుండెలు బిగబట్టుకుని ఎదురుచూపు. ఆ తర్వాత నాకు ఫిజియోథెరపిస్ట్ ఒకావిడ నేర్పించిన పద్ధతి నా జీవితాన్ని మార్చింది. ప్రతి ఉదయం ఒక ఇరవై నిమిషాలు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని ముందు మామూలుగా, నెమ్మదిగా ఊపిరి. తర్వాత ఛాతీ నిండా గాలి తీసుకుని రెండు మూడు క్షణాలు లోపలే ఆపడం. ఆపినప్పుడు గాలి పక్కదారుల గుండా కళ్లె వెనక్కి చేరుతుంది. ఆ తర్వాత నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేలా “హా” అని బలంగా ఊదడం. దగ్గడం కాదు, ఊదడం. దగ్గితే శ్వాసనాళాలు నొక్కుకుపోయి కళ్లె మధ్యలోనే ఆగుతుంది, ఊదితే పైకి జారుతుంది. లోపల గరగర శబ్దం మొదట కింద వినిపిస్తుంది, రెండు మూడు సార్లు ఊదాక గొంతు దగ్గరికి వస్తుంది. అప్పుడు ఒక్క దగ్గు చాలు.

సూడోమొనాస్ ఇప్పటికీ ఉంది. కానీ ఆసుపత్రిలో చేరాల్సి రావడం బాగా తగ్గింది. వెన్నెలదారి గారూ, మీ నాన్నగారికి కళ్లె రోజూ పడుతుంటే ఇది తప్పకుండా ఒక ఫిజియో దగ్గర చూపించి నేర్పించండి. పుస్తకం చూసో వీడియో చూసో కాదు, మనిషి పక్కన కూర్చుని సరిదిద్దాలి.

ఫిజియో_చేయూత:
పాతదగ్గు గారు రాసింది అక్షరాలా సరైనది. ఒక్కటే చేర్పు. ఎక్కువసేపు బలంగా ఊదితే సీఓపీడీ ఉన్నవాళ్లకు శ్వాసనాళాలు బిగుసుకుని ఆయాసం వస్తుంది. రెండు మూడు ఊదులు, మధ్యలో నెమ్మది శ్వాస, మళ్లీ. శ్వాసనాళాలు తెరిచే ఇన్‌హేలర్ ముందు వాడుకుంటే మేలు. కళ్లె చిక్కగా ఉన్న కొందరికి డాక్టర్లు గాఢమైన ఉప్పునీటి నెబ్యులైజేషన్ (ద్రవాన్ని సన్నటి తుంపరగా మార్చి పీల్పించడం) రాస్తారు, అయితే కొందరికి దానితో ఛాతీ పట్టేస్తుంది, అందుకే మొదటి మోతాదు క్లినిక్‌లోనే ఇచ్చి చూస్తారు.

లెక్కలమనిషి:
నేను వైద్యుడిని కాదు, అధ్యయనాల గణాంకాలు చూడటం నా వృత్తి. ఇక్కడ ఒక అడ్డుమాట వేయాలి.

మొదటిది, డీఎన్ఏ పద్ధతి మీద. ఊపిరితిత్తుల నమూనాల్లో బ్యాక్టీరియా చాలా తక్కువ. అలాంటప్పుడు పరీక్షకు వాడే ద్రవాల్లో, కిట్లలో ఉండే బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. 2014లో ఒక బృందం ఒకే ఒక్క రకం సాల్మొనెల్లాను శుద్ధంగా పెంచి, పలుచన చేస్తూ పోయి ప్రతి దశలో చదివింది. బాగా పలుచనైన నమూనాల్లో సాల్మొనెల్లా వెనక్కిపోయి, అసలు వేయని బ్యాక్టీరియా పేర్లే నిండిపోయాయి. అవన్నీ కిట్ల నుంచి వచ్చినవి. పైగా డీఎన్ఏ దొరికినంత మాత్రాన ఆ జీవి బతికున్నట్టు కాదు.

రెండోది ఇంకా పెద్దది. జబ్బు ఉన్నచోట బ్యాక్టీరియా ఎక్కువుంటే, బ్యాక్టీరియా వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల బ్యాక్టీరియా చేరిందా? ఐపీఎఫ్ ఉదాహరణ చూడండి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు అది. అందులో బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్నవాళ్లకు జబ్బు త్వరగా ముదురుతోందని 2014లో తేలింది. అందరూ ఆశపడ్డారు. దీర్ఘకాలం యాంటీబయాటిక్ ఇస్తే జబ్బు నెమ్మదిస్తుందేమోనని రెండు పెద్ద ట్రయల్స్ నడిపారు. 2020లో 342 మందితో ఒకటి, 2021లో 513 మందితో ఇంకొకటి. రెండింట్లోనూ లాభం కనబడలేదు. రెండోదాన్ని మధ్యలోనే ఆపేశారు.

అందుకని “బ్యాక్టీరియా మారింది కాబట్టి దాన్ని సరిచేస్తే చాలు” అనే మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోను.

సూక్ష్మలోకం:
లెక్కలమనిషి గారూ, రెండూ న్యాయమైన అభ్యంతరాలే. కల్తీ సమస్య కోసమే ఇప్పుడు మంచి ప్రయోగశాలలు ఖాళీ ద్రవాన్ని కూడా నమూనాలాగే అన్ని దశలూ దాటించి చదువుతాయి, అందులో కనిపించిన పేర్లను జాగ్రత్తగా వేరుచేస్తాయి. ఊపిరితిత్తుల నుంచి నమూనా తీయడానికి వాడే బ్రాంకోస్కోప్ గొట్టం నోటి గుండా వెళ్తూ అక్కడివి మోసుకుపోతుందన్న అనుమానాన్నీ విడిగా పరీక్షించారు, దాని ప్రభావం అనుకున్నంత పెద్దగా లేదు.

కార్యకారణాల విషయంలో మాత్రం ఒక తేడా చూడాలి. సీఓపీడీలో మనుషుల మీదే చేసిన ప్రయోగం ఉంది. ఒప్పుకున్న రోగులకు కావాలనే జలుబు వైరస్ సోకించి, తర్వాత ఏమవుతుందో రోజుల వారీగా చూశారు. వైరస్ తగ్గుముఖం పట్టాక, సుమారు 15వ రోజుకు, వాళ్ల శ్వాసనాళాల్లో బ్యాక్టీరియా కొన్ని రెట్లు పెరిగింది. ఎక్కువగా పెరిగింది అప్పటికే లోపల ఉన్న హీమోఫిలసే. అదే వైరస్ సోకిన ఆరోగ్యవంతుల్లో అలా జరగలేదు. ముందు జలుబు, తగ్గిందనుకున్న తర్వాత వారం పది రోజులకు పచ్చటి కళ్లె, ఆయాసం: సీఓపీడీ ఉన్నవాళ్ల ఇళ్లలో అందరూ చూసే వరస ఇది. అక్కడ ఏది ముందు, ఏది వెనక అన్నది కనబడుతోంది.

ఐపీఎఫ్‌కి పనికిరానిది సీఓపీడీకీ పనికిరాదని అనుకోనక్కర్లేదు. జబ్బును బట్టి బ్యాక్టీరియా పాత్ర మారుతుంది.

లెక్కలమనిషి:
కావాలనే సోకించి చూసిన ప్రయోగం బలమైన ఆధారమే, ఒప్పుకుంటాను. నా మాటల్లా ఒకటే: జబ్బుకు జబ్బు విడిగా తేల్చుకోవాలి, ఒకదాని ఫలితం పట్టుకుని ఇంకోదానికి మందు రాయకూడదు.

ఛాతీవిభాగం_పీజీ:
దానికి తగ్గ ఉదాహరణ అజిత్రోమైసిన్. 2011లో అమెరికాలో 1,142 మంది సీఓపీడీ రోగులతో ట్రయల్ జరిగింది. రోజుకు 250 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది పాటు ఇచ్చారు. మొదటిసారి జబ్బు ఉధృతం కావడానికి పట్టిన మధ్యగత కాలం మందు వాడినవాళ్లలో 266 రోజులు, వాడనివాళ్లలో 174 రోజులు. లాభం స్పష్టం. కానీ వినికిడి తగ్గడం మందు వాడినవాళ్లలో 25 శాతం, వాడనివాళ్లలో 20 శాతం. గుండె లయ మీద కూడా ఈ మందుకు ప్రభావం ఉంది, అందుకే ముందు ఈసీజీ చూస్తారు.

ఇంకో జాగ్రత్త ఉంది. కొందరి ఊపిరితిత్తుల్లో క్షయకు దూరపు చుట్టాల్లాంటి మైకోబ్యాక్టీరియా ఉంటాయి, నీళ్లలో మట్టిలో బతికేవి. వాటికి వాడే ముఖ్యమైన మందుల్లో అజిత్రోమైసిన్ ఒకటి. అవి ఉన్నాయని తెలియక ఈ ఒక్క మందే నెలల తరబడి ఇస్తే, అవి దానికి లొంగకుండా తయారవుతాయి. అందుకే దీర్ఘకాలం మొదలుపెట్టే ముందు కళ్లెలో వాటి కోసం ప్రత్యేకంగా పరీక్ష చేయించాలి.

ఈ మందు పనిచేయడానికి బ్యాక్టీరియాను చంపడం ఒక్కటే కారణం కాదు. న్యూట్రోఫిల్స్ ఆవేశాన్ని తగ్గిస్తుంది, మ్యూకస్‌నూ తగ్గిస్తుంది. అంటే విషవలయంలో రెండు మూడు చోట్ల చెయ్యి వేస్తుంది. బ్యాక్టీరియాను అసలు ముట్టుకోకుండా, న్యూట్రోఫిల్ ఎంజైమ్‌లు తయారవడాన్నే అడ్డుకునే బ్రెన్సోకాటిబ్ అనే మందుకు 2025లో అమెరికాలో బ్రాంకియెక్టాసిస్ కోసం అనుమతి వచ్చింది. పాతదగ్గు గారూ, మీ తదుపరి రివ్యూలో దీని గురించి అడగండి.

పాతదగ్గు:
తప్పకుండా అడుగుతానండీ. వలయంలో ఎక్కడ చెయ్యి వేసినా ఎంతో కొంత లాభమన్న మాట నా ఒంటికి తెలుసు.

వెన్నెలదారి:
నాన్న వాడే ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ కూడా ఉంది. స్టెరాయిడ్ రోగనిరోధకశక్తిని తగ్గిస్తుంది కదా, దానివల్ల కూడా బ్యాక్టీరియా పెరుగుతుందా? ఆపేయమంటారా?

ఛాతీవిభాగం_పీజీ:
సొంతంగా మాత్రం ఆపకండి, దయచేసి. ఒక్కసారిగా ఆపితే కొందరికి జబ్బు ఉధృతమవుతుంది.

ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న. 2007లో అచ్చయిన ట్రయల్‌లో ఆరు వేల మందికి పైగా సీఓపీడీ రోగులను మూడేళ్లు చూశారు. స్టెరాయిడ్, శ్వాసనాళాలు తెరిచే మందు కలిపి వాడినవాళ్లలో నిమోనియా 19.6 శాతం, ఉత్తుత్తి ఇన్‌హేలర్ వాడినవాళ్లలో 12.3 శాతం. అయితే అదే కలిపిన మందుతో ఉధృతులు తగ్గాయి కూడా. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని చూడటానికి ఇప్పుడు రక్తంలో ఇయోసినోఫిల్ అనే ఒక రకం తెల్లరక్తకణాల సంఖ్య చూస్తాం. మైక్రోలీటరుకు 300 లేదా అంతకన్నా ఎక్కువుంటే స్టెరాయిడ్ వల్ల మేలు జరిగే అవకాశం ఎక్కువ. 100 కన్నా తక్కువుంటే మేలు తక్కువ, అలాంటివాళ్ల శ్వాసనాళాల్లో బ్యాక్టీరియా బెడదా ఎక్కువ. మామూలు రక్తపరీక్షలోనే ఆ అంకె ఉంటుంది. నాన్నగారి రిపోర్టు పట్టుకెళ్లి మీ డాక్టరుగారినే అడగండి.

అమ్మ_ఆదుర్దా:
మా పాపకు పిల్లికూతలు వస్తున్నాయి. చిన్నప్పుడే ఇలాంటి బ్యాక్టీరియా చేరితే ఉబ్బసం వస్తుందని ఎక్కడో చదివాను. ఇప్పటి నుంచే పరీక్ష చేయించి యాంటీబయాటిక్ ఇప్పించాలా?

సూక్ష్మలోకం:
మీరు చదివినది 2007 నాటి డెన్మార్క్ అధ్యయనం అయ్యుంటుంది. నెల వయసులో ఏ లక్షణాలూ లేని శిశువుల గొంతు కింది భాగం నుంచి నమూనా తీశారు. న్యుమోకాకస్, హీమోఫిలస్, మొరాక్సెల్లాల్లో ఏదో ఒకటి ఉన్న పిల్లలకు ఐదేళ్లలోపు ఉబ్బసం వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. కానీ ఆ బ్యాక్టీరియా ఉబ్బసాన్ని తెచ్చిందని అది చెప్పదు. పుట్టుకతోనే రక్షణ వ్యవస్థ తీరు వేరుగా ఉన్న పిల్లల్లోనే అవి చేరుతుండొచ్చు. లెక్కలమనిషి గారు చెప్పిన చిక్కు ఇక్కడా ఉంది.

లక్షణాలు లేకుండా పరీక్షలు, ముందుజాగ్రత్త యాంటీబయాటిక్‌లు వద్దండీ. వాటితో పేగుల్లో మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. పిల్లికూతలు మాత్రం పిల్లల డాక్టరుకు చూపించి, అవసరమైతే ఇన్‌హేలర్ సరిగ్గా వాడండి. ఇన్‌హేలర్ అంటే భయపడకండి.

చదువరి:
ప్రోబయోటిక్స్ తింటే ఊపిరితిత్తుల్లో మంచి బ్యాక్టీరియా పెరుగుతుందా?

సూక్ష్మలోకం:
పేగులకు, ఊపిరితిత్తులకు మధ్య రక్షణ వ్యవస్థ ద్వారా సంబంధం ఉందని ఎలుకల్లో బాగానే చూపించారు. మనుషుల్లో సీఓపీడీని ప్రోబయోటిక్ మాత్రలు తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఊపిరితిత్తి విషయంలో “మంచి బ్యాక్టీరియా” అన్న మాటే జాగ్రత్తగా వాడాలి. ఆరోగ్యవంతుల్లో కనిపించే ఆ ప్రెవోటెల్లా, వెయిలోనెల్లాలే కాస్త ఎక్కువగా ఉన్నవాళ్లలో ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫ్లమేషన్ కొంచెం ఎక్కువని కూడా తేలింది.

నోరు శుభ్రంగా ఉంచుకోవడం మాత్రం ఎవరికైనా చెబుతాను. ఊపిరితిత్తులకు వెళ్లే బ్యాక్టీరియా బయల్దేరేది చిగుళ్ల దగ్గరి నుంచే.

ఫిజియో_చేయూత:
నెబ్యులైజర్ మాట ఎవరూ ఎత్తలేదు, చాలా ముఖ్యం. మందు పోసే కప్పు, మాస్కు ప్రతిసారీ వాడిన వెంటనే విప్పి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా మూతపెట్టి ఉంచితే సూడోమొనాస్ లాంటివి అందులోనే పెరుగుతాయి, తర్వాతి మోతాదుతో నేరుగా లోపలికి వెళ్తాయి. మరిగించవచ్చో లేదో పరికరంతో వచ్చిన కాగితంలో ఉంటుంది, దాని ప్రకారం చేయండి.

కళ్లె పరీక్షకు ఇచ్చేటప్పుడు కూడా ముందు మంచినీళ్లతో నోరు పుక్కిలించి, ఉదయాన్నే, లోపలి నుంచి దగ్గి తీసింది ఇవ్వాలి. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. ఉమ్ము ఇస్తే నోట్లోని బ్యాక్టీరియా పేర్లే రిపోర్టులో వస్తాయి.

ఛాతీవిభాగం_పీజీ:
అవును. ల్యాబ్‌లో ముందుగా మైక్రోస్కోపు కింద చూసేది అదే. బుగ్గల లోపలి కణాలు ఎక్కువ కనబడితే అది ఉమ్మని పక్కన పెడతారు. చీము కణాలు ఎక్కువగా, బుగ్గ కణాలు తక్కువగా ఉంటేనే ఆ కల్చర్‌కు విలువ.

ఆకుపచ్చ రంగు గురించి కూడా ఒక మాట. ఎక్కువసార్లు ఆ రంగు బ్యాక్టీరియాది కాదు, న్యూట్రోఫిల్స్‌లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది. అంటే కళ్లె ఎంత పచ్చగా ఉంటే లోపల అంత పోరు జరుగుతోందన్నమాట. అందుకే ఆయాసం పెరగడం, కళ్లె పెరగడం, చీములా రంగు మారడం అనే మూడు లక్షణాలు చూసి యాంటీబయాటిక్ నిర్ణయిస్తాం. 1987 నుంచీ వాడుకలో ఉన్న పద్ధతి. వెన్నెలదారి గారూ, ఈ మూడింటినీ ఇంట్లో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. మామూలు రోజుల్లో కళ్లె ఏ రంగో, ఎంతో తెలిస్తేనే మార్పు తెలుస్తుంది.

వెన్నెలదారి:
ఇవాళే మొదలుపెడతాను. చివరిగా ఒక్క సందేహం. పిల్లలకు హీమోఫిలస్ టీకా వేస్తారు కదా. అది నాన్నకు వేయిస్తే ఈ గొడవే ఉండదా?

సూక్ష్మలోకం:
ఆ టీకా టైప్ బి అనే రకానికి. ఆ రకం చుట్టూ చక్కెర పదార్థంతో చేసిన గట్టి తొడుగు ఉంటుంది, టీకా ఆ తొడుగునే గుర్తుపట్టడం నేర్పుతుంది. పిల్లల్లో మెదడు పొరల వాపు తెచ్చేది అదే, టీకా వచ్చాక అది బాగా తగ్గిపోయింది. సీఓపీడీ రోగుల శ్వాసనాళాల్లో ఉండేది సాధారణంగా తొడుగు లేని రకం. గుర్తుపట్టాల్సిన తొడుగే లేనప్పుడు ఆ టీకా దీన్ని ఆపలేదు.

తొడుగు లేని హీమోఫిలస్, మొరాక్సెల్లాలకు కలిపి సీఓపీడీ వాళ్ల కోసమే ఒక టీకా తయారు చేశారు. శరీరంలో ప్రతిరక్షకాలు బాగానే తయారయ్యాయి గానీ, జబ్బు ఉధృతం కావడం తగ్గలేదని 2022లో ఫలితాలు వచ్చాయి.

ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా మాత్రం నాన్నగారికి వేయించండి. జలుబు వైరస్ వెనకే బ్యాక్టీరియా ఎలా పెరుగుతుందో పైన చెప్పాను కదా, ఫ్లూని ఆపితే ఆ వరసను మొదట్లోనే తెంచినట్టు. ఇప్పటికే ఏవి వేశారో, న్యుమోకాకల్‌లో ఏ రకం వేయాలో డాక్టరుగారి దగ్గర రాయించుకోండి.